పాత అంబాసిడర్ రేకు పనికి, ఇంటి రిపేర్లకు ఏ మిగ్ వెల్డింగ్ మెషిన్ తీసుకోవాలి?

అంబీ_86 (కాకినాడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1986 మోడల్ మార్క్ 4 అంబాసిడర్‌ను బాగుచేయడం మొదలుపెట్టాను. ఇంజను, గేరుబాక్సు పర్వాలేదు. గొడవంతా రేకుతోనే. డ్రైవరు కాళ్ళ కింద ఫ్లోరు, డోర్ల కింద రెండు వైపులా సిల్లు, డిక్కీలో స్టెప్నీ పెట్టే చోటు బాగా తుప్పు పట్టాయి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అవతలికి దిగిపోతోంది.

టింకరింగ్ షాపులో ఇస్తే పైన రేకు ముక్క అతికి పుట్టీ పూసేస్తారేమోనని భయం. అందుకే నేర్చుకుని నేనే చేద్దామనుకుంటున్నాను. ఆర్క్ వెల్డింగ్ కొద్దిగా వచ్చు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేశాను. సన్న రేకు మీద రాడ్డుతో ప్రయత్నిస్తే చిల్లు పడుతోంది తప్ప అతకడం లేదు. అందుకే రాడ్డుకు బదులు సన్న వైరు దానంతటదే వస్తూ అతికే మిగ్ మెషిన్ కొందామని.

బడ్జెట్ మెషిన్‌కి, హెల్మెట్‌కి కలిపి 35 వేలు. గ్యాస్ సిలిండర్ ఖర్చు వేరే. ఇంట్లో సింగిల్ ఫేజే, సాయంత్రాలు వోల్టేజి 195 దాకా పడిపోతుంది. షాపులో అడిగితే "250 యాంప్స్ తీసుకోండి సార్, రేపు పెద్ద పనికి కూడా ఉంటుంది" అంటున్నారు. కారు అయ్యాక గేటు పనులు, మా బావ ట్రాక్టరు ట్రాలీకి చిన్నచిన్న రిపేర్లు ఉంటాయి. ఏది తీసుకోమంటారు?

ఆటోనగర్_వాసి (విజయవాడ)

మీ పనికి 250 యాంప్స్ అక్కర్లేదు. షాపువాళ్ళు పై అంకె చూపించి అమ్ముతారు, మనం చూడాల్సింది కింది అంకె. మీ కారు రేకు ఉజ్జాయింపుగా 1 మిల్లీమీటరు అనుకోండి. మైల్డ్ స్టీలుకి మిల్లీమీటరు మందానికి 40 యాంప్స్ అనేది చేతి లెక్క. అంటే మీరు 40 నుంచి 60 యాంప్స్ మధ్యే ఎక్కువ పని చేస్తారు. ఆ 40 దగ్గర ఆర్క్ ఆగకుండా, దగ్గకుండా నిలబడుతుందా అన్నదే అసలు పరీక్ష. చాలా చవక మెషిన్లు 120 దగ్గర బ్రహ్మాండంగా నడుస్తాయి. 45కి దించగానే వైరు రేకును గుద్దుకుంటూ టపటపమంటుంది.

కాబట్టి కొనేముందు 20 గేజ్ రేకు ముక్కలు రెండు జేబులో వేసుకుని షాపుకెళ్ళండి. 0.8 మిల్లీమీటర్ల వైరు పెట్టించి, వోల్టేజి 15, 16 దగ్గర ఉంచి అక్కడే చేసి చూడండి. శబ్దం వినండి. ఒకే తీరున చిటచిటలాడుతూ ఉంటే మంచిది. పెద్ద చప్పుడుతో ఆగి ఆగి వస్తే, సెట్టింగ్ అటూ ఇటూ మార్చినా అదే వరస అయితే వదిలేయండి. డెమో ఇవ్వం అన్న షాపులో కొనకండి.

200 యాంప్స్ సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మెషిన్ మీకు సరిగ్గా సరిపోతుంది. రాడ్డు వెల్డింగ్ కూడా చేసేది చూసుకోండి, గేట్లకు 2.5 రాడ్డు ఆడుతుంది. టార్చి, అంటే చేత్తో పట్టుకునే వెల్డింగ్ గన్ను, మెషిన్‌కి అతికి ఉండే రకం వద్దు. టార్చిని ఊడదీసి మార్చుకునే యూరో కనెక్టరు ఉండాలి. 15ఏకే టార్చి అనగానే ఏ ఆటోనగర్‌లోనైనా దొరుకుతుంది, దాని టిప్పులు, నాజిళ్ళు కూడా. అతికిన టార్చి పోతే ఆ కంపెనీ వాడి కోసం వెతుక్కోవాలి.

వోల్టుమీటర్ (వరంగల్)

కరెంటు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇంట్లో మిగ్ కొన్నవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

మెషిన్ వెనకాల రేటింగ్ ప్లేటు ఉంటుంది. దాని మీద ఐ1 మ్యాక్స్, ఐ1 ఎఫెక్టివ్ అని రెండు అంకెలు చూడండి. గోడ నుంచి మెషిన్ లాగే కరెంటు అది. మిగ్‌లో 200 యాంప్స్ దగ్గర ఆర్క్ వోల్టేజి 24గా లెక్కిస్తారు. అంటే ఆర్క్ దగ్గరే 4.8 కిలోవాట్లు. మెషిన్‌లో పోయేది కలుపుకుంటే గోడ దగ్గర 6 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టరు బాగాలేని చవక మెషిన్ అయితే 30 యాంప్స్ దాటి లాగుతుంది. మన ఇంట్లో గీజరుకు పెట్టే 16 యాంప్స్ సాకెట్టు దానికి చాలదు.

అయితే అంబీ గారూ, కంగారు పడక్కర్లేదు. మీ కారు రేకు పని 60 యాంప్స్ దగ్గర 17 వోల్టులు. అంటే ఆర్క్‌లో ఒక కిలోవాటు, గోడ దగ్గర కిలోవాటున్నర లోపే. 16 యాంప్స్ సాకెట్టు హాయిగా మోస్తుంది. ట్రాలీ పనికి 150 దాటించినప్పుడే సమస్య. దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 32 యాంప్స్ సి కర్వ్ ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్టు, మంచి ఎర్తింగ్. మీటరు మీద శాంక్షన్ లోడు 2, 3 కిలోవాట్లే ఉంటే ఈపీడీసీఎల్‌లో అప్లై చేసి పెంచుకోండి.

195 వోల్టుల మాట. రేటింగ్ ప్లేటు మీద 230కి 15 శాతం అటూ ఇటూ అని ఉంటే 195.5 దాకా పర్వాలేదని అర్థం. మీరు సరిగ్గా అంచు మీద ఉన్నారు. సాయంత్రం కాకుండా పొద్దున్నే పని పెట్టుకోండి. సన్న వైరు పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు. ఆ 195 కాస్తా మెషిన్ దగ్గరికి వచ్చేసరికి 180 అవుతుంది. ఇంట్లో ఉన్న ఫ్రిజ్ స్టెబిలైజరు దీనికి పెడదామని కూడా అనుకోవద్దు.

ఇంకోటి, డ్యూటీ సైకిల్. 200 యాంప్స్ దగ్గర 60 శాతం అని రాస్తే, 10 నిమిషాల్లో 6 నిమిషాలు వెల్డింగ్, 4 నిమిషాలు విశ్రాంతి. అది ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో చూడండి. మంచి కంపెనీలు 40 డిగ్రీలకు కొలిచి రాస్తాయి. ఆ అంకె లేకుండా శాతం ఒక్కటే రాస్తే నమ్మడం కష్టం. మే నెలలో మన రేకుల షెడ్డులో 40 దాటుతుంది కదా.

పొలం_గట్టు (నంద్యాల)

నా మాట వేరు. గ్యాస్ లేని ఫ్లక్స్ కోర్ వైరు వాడండి అన్నా, గ్యాస్ చేసే పనిని వైరు లోపలి పొడే చేస్తుంది. సిలిండర్ గొడవ ఉండదు, రెగ్యులేటర్ ఖర్చు ఉండదు. నేను గొర్రు, ట్రాలీ డోర్లు, పైపు స్టాండ్లు అన్నీ దాంతోనే చేస్తాను. పొలంలో గాలి వీచినా పని ఆగదు. మిషను కూడా చిన్నది, బండి మీద పెట్టుకుని పోవచ్చు.

ఆటోనగర్_వాసి (విజయవాడ)

గట్టు గారు చెప్పింది ఆయన పనికి నూటికి నూరుపాళ్ళు నిజం. ఆరుబయట, 3 మిల్లీమీటర్లు, ఆ పైన మందం ఉన్న ఇనుముకి ఫ్లక్స్ కోర్ చాలా మంచిది. కానీ కారు రేకుకు నేను ఒప్పుకోను. మామూలుగా దొరికే 0.8, 0.9 ఫ్లక్స్ వైరు సన్న రేకు మీద వేడి ఎక్కువ చేస్తుంది, చిల్లులు పడతాయి. పైన స్లాగ్, అంటే మడ్డి పెంకు, పేరుకుంటుంది. కారు రేకుకు ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోతాం కదా, చుక్క చుక్కకూ స్లాగ్ గోకాలి. లేకపోతే తరవాతి చుక్కలో ఇరుక్కుంటుంది. చుట్టూ రవ్వలు పడతాయి, వాటిని తీయడానికి గ్రైండరు పెడితే పక్కనున్న మంచి రేకు కూడా అరుగుతుంది.

రెండూ నడిచే మెషిన్ తీసుకుంటే గొడవే లేదు. లోపల వైరు ఫీడరు దగ్గర పోలారిటీ మార్చే ఏర్పాటు ఉందో లేదో చూడండి. గ్యాస్‌తో వాడే రాగి పూత వైరుకు టార్చి పాజిటివ్‌కి, ఎర్త్ క్లాంపు నెగెటివ్‌కి ఉండాలి. గ్యాస్ లేని ఫ్లక్స్ వైరుకు దానికి తిరగేసి. ఇది మార్చకుండా వైరొక్కటే మార్చి "ఈ మెషిన్ పనికిరాదు" అనేవాళ్ళు మా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఫీడ్ రోలరు కూడా అంతే. గట్టి వైరుకు వి గాడి, ఫ్లక్స్ వైరుకు పళ్ళున్న గాడి.

అంబీ_86 (కాకినాడ)

చాలా థాంక్స్ అండీ. అయితే గ్యాస్ ఖాయం. మా ఊళ్ళో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సులువుగా దొరుకుతోంది. ఆర్గాన్ మిక్స్ అంటే వైజాగ్ నుంచి తెప్పించాలంటున్నారు, ధర కూడా బాగా ఎక్కువ. సీఓటూతో సన్న రేకు అవుతుందా?

డాలస్_గ్యారేజ్ (టెక్సస్)

ఇక్కడ ఇళ్ళల్లో చేసుకునేవాళ్ళు ఎక్కువగా వాడేది సీ25, అంటే 75 శాతం ఆర్గాన్, 25 శాతం సీఓటూ. వెల్డింగ్ సామాన్ల షాపులో సిలిండర్ మార్చుకుని తెచ్చుకోవడమే. నేను ఒక పాత పికప్ ట్రక్కు బెడ్డు రేకు హోబార్ట్ హ్యాండ్లర్ 140తో చేస్తున్నాను. అది మామూలు ఇంటి సాకెట్టు, 120 వోల్టుల మీద నడుస్తుంది, 25 యాంప్స్ దాకా దిగుతుంది. సన్న రేకుకు 0.6 వైరు వేశాక పని చాలా సుఖమైంది. చుక్క చిన్నదిగా వస్తుంది, చిల్లు పడటం తగ్గింది. మీకు 0.6 దొరికితే వదలకండి.

ఒక్క హెచ్చరిక. ఇక్కడి 120 వోల్టుల మెషిన్ చవగ్గా వస్తోందని ఎవరితోనైనా తెప్పించుకోకండి. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పాడైతే బాగుచేసే నాథుడు ఉండడు.

గాజువాక_గ్యాస్ (విశాఖపట్నం)

సీఓటూతో అవుతుందండీ. మన దగ్గర మిగ్ వెల్డింగ్‌ను "సీఓటూ వెల్డింగ్" అనే పిలుస్తారు, అంతగా వాడకంలో ఉంది. తేడా ఏంటంటే సీఓటూలో ఆర్క్ కాస్త గరుకు, రవ్వలు ఎక్కువ, లోపలికి లోతుగా దిగుతుంది. మిక్స్‌లో మెత్తగా ఉంటుంది, వోల్టేజి ఒకటి రెండు తగ్గించి పెట్టుకోవచ్చు, రేకు మీద చుక్క పల్చగా పరుచుకుంటుంది. ఫ్లోరు, సిల్లు లోపలి భాగం సీఓటూతో లాగించండి. బయటికి కనపడే మడ్‌గార్డు, డోరు అంచులు ఉంటే అప్పుడు చిన్న మిక్స్ సిలిండర్ తెప్పించుకోండి.

సిలిండర్ కొనేటప్పుడు మెడ దగ్గర చెక్కిన హైడ్రో టెస్టు (సిలిండర్ ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) తేదీ చూడండి. గడువు దాటితే గ్యాస్ నింపకూడదు, టెస్టు ఖర్చు మీ నెత్తిన పడుతుంది. పాత ఇనుప సామాన్ల కొట్లో చవగ్గా వచ్చిందని కొనేవాళ్ళకు జరిగేది ఇదే.

సీఓటూ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. అందుకే మీటరు ముల్లు చివరిదాకా ఒకేచోట నిలబడి, ద్రవం అయిపోగానే దబ్బున పడిపోతుంది. ముల్లును నమ్మి ఆదివారం పని పెట్టుకోవద్దు, సిలిండర్‌ను తూకం వేసి చూసుకోండి. ఖాళీ బరువు మెడ మీదే ఉంటుంది. పడుకోబెట్టి వాడకూడదు, ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది. గోడకు గొలుసుతో కట్టండి. ఫ్లో నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు చాలు. ఎక్కువ పెడితే గ్యాస్ రక్షణ బాగుంటుందని కొందరు 20 పెడతారు. అది సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, రెగ్యులేటర్ మంచు పడుతుంది.

తెనాలి_టింకర్

నేను పుట్టింది టింకరింగ్ షాపులోనే. మా నాన్న ఇప్పటికీ అంబాసిడర్, ఫియట్ రేకు పని ఆక్సిజన్-ఎసిటిలిన్ గ్యాస్ వెల్డింగ్‌తోనే చేస్తారు. దానికి కారణం ఉంది. గ్యాస్ వెల్డింగ్ కుట్టు మెత్తగా ఉంటుంది. వంకర పోయిన రేకును కింద డాలీ (దిమ్మలాంటి ఇనుప ముక్క) పెట్టి, పైన సుత్తితో కొట్టి మళ్ళీ వరసకు తేవచ్చు. మిగ్ కుట్టు గట్టిగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. సుత్తి దెబ్బకు లొంగదు, కొన్నిసార్లు పక్కన పగులుతుంది. అందుకే మిగ్ చేసిన డోరు మీద చివరికి లాంబీ (పుట్టీ) మందంగా పూయాల్సి వస్తుంది. పాత బండిని పాత పద్ధతిలోనే చేయాలని నా అభిప్రాయం.

ఆటోనగర్_వాసి (విజయవాడ)

తమ్ముడూ, మీ నాన్నగారి చేతి పనికి దండం పెడతాను. బయటి ప్యానెల్ విషయంలో నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా. కానీ అంబీ గారు ఇప్పుడే నేర్చుకుంటున్నారు, ఇంట్లో ఎసిటిలిన్ సిలిండర్ పెట్టుకోమని నేను చెప్పలేను. గ్యాస్ మంట రేకు మీద పెద్ద జాగా వేడి చేస్తుంది. దాన్ని అదుపులో ఉంచడానికి ఏళ్ళ తరబడి చేసిన చెయ్యి కావాలి.

పైగా ఆయన చేయాల్సింది ఫ్లోరు, సిల్లు. కంపెనీలో అవి స్పాట్ వెల్డింగ్ చేసినవి. దానికి మిగ్‌తో ప్లగ్ వెల్డింగ్ సరిగ్గా కుదురుతుంది. పై రేకుకు 6, 7 మిల్లీమీటర్ల చిల్లులు వేసి, కింది రేకు మీద గట్టిగా బిగించి, చిల్లు మధ్యలో కింది రేకు మీద ఆర్క్ మొదలుపెట్టి బయటికి తిప్పుతూ నింపడమే. దీనికోసం మెషిన్‌లో స్పాట్ టైమరు ఉంటే ఇంకా మంచిది, ప్రతి చుక్కా ఒకే సైజులో వస్తుంది.

నిప్పురవ్వ (హైదరాబాద్)

మెషిన్ గురించే మాట్లాడుతున్నారు, ఒంటి గురించి కూడా చెప్పాలి. నేను కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను. వెల్డింగ్ చూసి రాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టుందని వచ్చేవాళ్ళు మాకు కొత్త కాదు. అద్దం పట్టుకుని ఒక్క చుక్కే కదా అని పక్కకు చూస్తారు. బంగాళదుంప ముక్కలు పెట్టుకుని పడుకోవడం వైద్యం కాదు. దయచేసి బడ్జెట్‌లో హెల్మెట్‌కు ముందు డబ్బు తీసిపెట్టి, మిగిలినదాంతో మెషిన్ చూడండి. ఆటో డార్కెనింగ్ హెల్మెట్, షేడు 9 నుంచి 13 దాకా మార్చుకునేది తీసుకోండి. మీ 60 యాంప్స్ పనికి 10 సరిపోతుంది. పిల్లలు చూస్తామని పక్కన నిలబడితే పంపించేయండి.

ఇంకో రెండు మాటలు. జింక్ పూత ఉన్న రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. పూతను ముందే గ్రైండ్ చేయండి, తలుపులు తీసి ఉంచండి. బ్రేకులు కడిగే స్ప్రేలలో క్లోరిన్ ఉన్నవి కొన్ని ఉంటాయి. దాంతో రేకు తుడిచి ఆర్క్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అది ప్రాణాంతకం. అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

తెనాలి_టింకర్

మేడం గారు చెప్పినవాటికి ఇంకొంచెం కలుపుతున్నా. పెట్రోలు ట్యాంకు దింపి బండికి దూరంగా పెట్టండి. బ్యాటరీ వైర్లు రెండూ ఊడదీయండి. అంబాసిడర్ ఫ్లోరు కింద తారు పూత ఉంటుంది, పైన వెల్డింగ్ చేస్తుంటే కింద అంటుకుంటుంది, మీకు కనపడదు. ఒక మనిషిని తడి గోనె సంచీ, బకెట్ నీళ్ళతో కింది వైపు కాపలా ఉంచాలి. పని ఆపేశాక కూడా అరగంట అక్కడే ఉండండి.

అంబీ_86 (కాకినాడ)

మెషిన్ వచ్చింది. మూడు షాపులు తిరిగాను, రెండు చోట్ల డెమో ఇచ్చారు. మీరు చెప్పినట్టే రేకు ముక్కలు పట్టుకెళ్ళాను, తేడా చెవికే తెలిసిపోయింది. 200 యాంప్స్ సింగిల్ ఫేజ్, యూరో కనెక్టరు, రాడ్డు కూడా ఆడుతుంది, ఆర్క్‌ను మెత్తగా, గరుకుగా మార్చుకునే ఇండక్టెన్స్ నాబు ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా రాజమండ్రిలో సర్వీసు సెంటరు ఉంది, బోర్డు స్టాకు ఉంటుందని వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాకే డబ్బు కట్టాను. ఇంకో మెషిన్ ఆరు వేలు తక్కువకు వచ్చేది, దాని బోర్డు పోతే ఎక్కడికి పంపాలో అమ్మేవాడికే తెలియదు.

ముక్కల మీద సాధన చేస్తున్నాను. మొదట బాగానే వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచి కుట్టు నిండా సూది బెజ్జాలు. గ్యాస్ ఉంది, ఫ్లో 10 మీదే ఉంది, రేకు శుభ్రంగా గ్రైండ్ చేశాను. వైరు ఈఆర్ 70ఎస్-6, కొత్త చుట్ట. ఏం జరుగుతోంది?

గాజువాక_గ్యాస్ (విశాఖపట్నం)

మధ్యాహ్నం నుంచి అంటున్నారు. ఫ్యాను పెట్టుకున్నారా?

అంబీ_86 (కాకినాడ)

అవునండీ, పెడస్టల్ ఫ్యాను. ఎండకు తట్టుకోలేక.

గాజువాక_గ్యాస్ (విశాఖపట్నం)

అదే. గ్యాస్ మొత్తం ఫ్యాను ఎగరగొట్టేస్తోంది. ఫ్యానును మీ వీపు వైపు కాకుండా షెడ్డు గుమ్మం దగ్గర, పొగను బయటికి తోసేలా తిప్పి పెట్టండి. అప్పటికీ బెజ్జాలు వస్తే నాజిల్ లోపల రవ్వలు పేరుకున్నాయేమో చూసి గీకండి. టార్చిని రేకుకు 10 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంచండి.

ఇంకా, మీది సముద్రం పక్క ఊరు. వైరు చుట్టను రాత్రిపూట మెషిన్‌లో వదిలేయకండి, ముఖ్యంగా వానాకాలం. రాగి పూత మీద కంటికి కనపడనంత తుప్పు పట్టినా చాలు, టార్చి కేబులు లోపల వైరు వచ్చే గొట్టంలో (లైనరు) పొడి రాలుతుంది, వైరు జర్కులు కొడుతుంది. తీసి సిలికా జెల్ ప్యాకెట్లతో మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టండి. మీ వాడకానికి 5 కిలోల చుట్టే మేలు. 15 కిలోలది కిలో లెక్కన చవకే కానీ అది అయ్యేలోపు పాడవుతుంది.

అంబీ_86 (కాకినాడ)

ఫ్యాను తిప్పగానే బెజ్జాలు పోయాయి. మీకు ఎంత రుణపడి ఉన్నానో! కుట్టు మీద అక్కడక్కడ గోధుమ రంగు గాజు పెంకుల్లాంటివి వస్తున్నాయి, అవి కూడా తప్పేనా? ఇక సిల్లు కోయడం మొదలుపెట్టవచ్చా?

ఆటోనగర్_వాసి (విజయవాడ)

ఆ పెంకులు తప్పు కాదు. 70ఎస్-6 వైరులో సిలికాన్, మాంగనీస్ ఉంటాయి, గ్యాస్‌లో ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకుని అలా పైకి తేలతాయి. రంగు వేసేముందు వైరు బ్రష్షుతో తీసేయండి, లేకపోతే ప్రైమరు దాని మీద నిలవదు, పెంకుతోపాటు ఊడిపోతుంది.

సిల్లు మాత్రం తొందరపడి కోయకండి. అంబాసిడర్‌కు జీపులాగా విడిగా ఛాసిస్ లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు నుంచి వచ్చిన మోనోకాక్ బాడీ, అంటే బాడీయే ఛాసిస్ పని కూడా చేస్తుంది. సిల్లే దాని నడుము. రెండు వైపులా ఒకేసారి కోస్తే మధ్యలో కుంగుతుంది, తరవాత డోర్లు పట్టవు. ముందు బండిని చదునైన నేల మీద నాలుగు చోట్ల స్టాండ్ల మీద నిలపండి. డోరు గడపల్లో అడ్డంగా, ఐమూలగా 25 ఎంఎం చదరపు పైపు ముక్కలు తాత్కాలికంగా టాక్ చేయండి (చిన్న చుక్కలతో అతికించండి). కొలతలు టేపుతో తీసి గోడ మీద రాయండి. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు. మధ్యమధ్యలో డోరు బిగించి సందులు చూసుకోండి.

వెల్డింగ్ ఎప్పుడూ వరసగా లాగొద్దు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మూడోది మళ్ళీ వాటి మధ్యలో. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారాకే పక్క చుక్క. సందు ఉన్న చోట వెనకాల రాగి పలక ఆనించి పట్టుకోండి. ఉక్కు దానికి అంటుకోదు, వేడిని లాగేస్తుంది, చిల్లు పడదు.

తెనాలి_టింకర్

సిల్లు మూసేముందు లోపల ప్రైమరు కొట్టడం మర్చిపోకండి అన్నా. వెల్డింగ్ పడే అంచుల్లో వెల్డ్-త్రూ జింక్ ప్రైమరు (దాని మీదే వెల్డింగ్ చేయగలిగేది), అన్నీ అయ్యాక అతుకుల మీద సీలెంట్, లోపలికి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా కాపాడే మైనం). సిల్లు కింద కంపెనీ వాళ్ళు ఇచ్చిన నీళ్ళు పోయే బెజ్జాలను ప్లగ్ వెల్డింగ్ చేసేసి మూసేయొద్దు. విండ్‌షీల్డు రబ్బరు కూడా మార్చండి. మా షాపుకు వచ్చే చాలా అంబాసిడర్లలో ఫ్లోరు తుప్పుకు నీళ్ళు కారేది అక్కడినుంచే.

అంబీ_86 (కాకినాడ)

రబ్బరుకు ఇవాళే ఆర్డరు పెట్టాను. చదరపు పైపులు రేపు తెస్తున్నాను. ఎడమ సిల్లుతో మొదలు పెడతాను, కోయడానికి ముందు కొలతలు ఇక్కడ పెడతాను, ఒకసారి చూసి చెప్పండి.

వోల్టుమీటర్ (వరంగల్)

పెట్టండి. మీ లైను ఎర్తింగ్ కొలిపించారా? కొలతలతో పాటు అది కూడా రాయండి.